మా అక్క పెన్సిల్ ఎత్తింది

మా అక్కతో పోట్లాటకు దిగడం శుద్ధ దండగ. ఈ మాట నేనే కాదు, ఆవిడతో కాపురం చేస్తున్న బావ కూడా ఒప్పుకుంటాడు. మిగతా ఇళ్లలో అయితే మాటా మాటా పెరిగినప్పుడు "నేనెప్పుడన్నాను అలా" అని బుకాయించే వీలుంటుంది. మా అక్క దగ్గర ఆ పప్పులుడకవు. ముందు ఎవరు నోరు జారారో, దానికి అవతలివాళ్లు ఏమన్నారో, మధ్యలో ఎవరు గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టారో, అక్షరం పొల్లుపోకుండా వరసగా అప్పజెప్పేస్తుంది. అదీ కోపంతో కాదు, మంచినీళ్లు కావాలా అని అడిగే గొంతుతో. పెళ్లయిన కొత్తలో బావ ఒకటి రెండుసార్లు నెగ్గాలని చూసి, తర్వాత ఆ ప్రయత్నం మానుకుని పేపరు చదువుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో ఆవిడకు టేపురికార్డరు అనే పేరు అలా స్థిరపడిపోయింది.

ఆవిడ తప్పేం లేదులెండి, చేసే ఉద్యోగం అలాంటిది. పార్లమెంటు కమిటీల్లో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు. ఆ కమిటీ గది నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. గుర్రపునాడాలా వంగిన పొడుగాటి బల్ల, దాని చుట్టూ సభ్యులు, నడిమధ్య అధ్యక్షుడు, ఎదురుగా విడిగా సాక్షికి ఒక కుర్చీ. నాడా లోపలి ఖాళీలో చిన్న చదరపు బల్ల. మా అక్క కూర్చునేది అక్కడ. అందరి కళ్లెదుటా ఉంటుంది, ఎవరి కంటికీ ఆనదు. ఫైళ్లు ఆవిడ తల మీదుగా చేతులు మారుతుంటాయి. రిపోర్టర్లు ఇద్దరుంటారు. ఒకరు కాసేపు రాశాక రెండోవాళ్లు పక్కన చేరి మాట తెగకుండా అందుకుంటారు. మొదటివాళ్లు పక్కగదికి పోయి, రాసింది టైపు చేసి, మళ్లీ వస్తారు. మా అక్కకు జోడీగా పనిచేసే ఆవిడ వయసులో చాలా చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి, పనంతా మా అక్క దగ్గరే నేర్చుకుంది. మేమంతా ఆమెను 'అక్క జోడీ' అనే అంటాం.

రిపోర్టరు ఆ గదిలో నోరు విప్పకూడదు. తల ఊపకూడదు. ఎవరైనా జోకేస్తే నవ్వకూడదు, బ్రాకెట్లో 'నవ్వులు' అని రాసి ఊరుకోవాలి. ఉన్నదల్లా ఒక్కటే హక్కు. మాట వినపడకపోతే పెన్సిల్ పైకెత్తవచ్చు. ఎత్తితే మంత్రయినా, అధ్యక్షుడైనా, అన్న మాట మళ్లీ అనాల్సిందే. మా అక్క ఇన్నేళ్ల సర్వీసులో ఆ హక్కు వాడుకున్న పాపాన పోలేదు. మాటలు మింగేసేవాళ్లు, దగ్గుతూ మాట్లాడేవాళ్లు, ముగ్గురు ఒకేసారి ఒకరి మీద ఒకరు అరిచేవాళ్లు, అందరినీ రాసేసింది. పెన్సిల్ ఎత్తడమంటే చెవి ఓడిపోవడమని జోడీకి పాఠం కూడా చెప్పింది. ఆఫీసులో ఆవిడ చెవుల గురించి కథలు కథలుగా చెప్పుకునేవారట.

ఇదంతా బాగానే ఉంది. కానీ పొద్దస్తమానం పక్కవాళ్ల అభిప్రాయాలు రాసీ రాసీ, ఆవిడకు తనదంటూ ఒక అభిప్రాయం లేకుండా పోయింది. రాత్రికి ఏం వండనే అంటే "మీ ఇష్టం" అంటుంది. ఊరెళ్దామా వద్దా అంటే "అందరూ ఏమంటున్నారు" అంటుంది. వాళ్లింటి కింద వాటాలోనే నా టైలరింగ్ షాపు. సొంత చెల్లెలు కుట్టి పెడతానంటే, మెడ ఎలా పెట్టాలో, చేతులు ఎంత పొడుగుండాలో చెప్పడానికి ఆవిడకు నోరు రాదు. "ఈ మధ్య అందరూ ఎలా కుట్టించుకుంటున్నారు?" అని నన్నే అడుగుతుంది. నాకు ఒళ్లు మండిపోయేది. అసలే నాకు ముక్కు మీద కోపం. టేపు మెళ్లో వేసుకుని, "అందరూ వేసుకునేది అందరికీ కుడతాను, నీకేం కావాలో ఏడువు" అని కసిరేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

అలాంటి మనిషి నోటి నుంచి మొదటిసారి "నాకు" అనే మాట ఒక రాయి గురించి వచ్చింది.

గనుల కమిటీ నడుస్తున్న రోజుల్లో రాళ్ల శాస్త్రం చదివిన పెద్దాయన ఒకాయన సాక్ష్యం చెప్పడానికి వచ్చాడట. సంచిలోంచి నల్లటి రాయి తీసి, పెద్ద బల్ల మీద చోటు లేక మా అక్క ముందున్న చిన్న బల్ల మీద పెట్టాడు. భూమ్మీద చెట్టూ చేమా పుట్టకముందు పుట్టిన రాయి ఇది అని చెప్పాడు. ఆ ముక్క కూడా మా అక్క రాసింది. సభ ముగిశాక ఆయన రాయి మర్చిపోయి వెళ్తుంటే, ఈవిడ వరండాలో పరిగెత్తుకెళ్లి చేతికిచ్చింది. ఆయన ఈవిడ ముఖం చూసి, ఏమనుకున్నాడో ఏమో, ఉంచుకోమన్నాడట. ఇంటికి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టుకుంది. బావ అది తలుపుకు అడ్డంగా పెట్టుకోవచ్చు కదా అని తీయబోతే, "అది నాకు" అంది. బావ కిందికి దిగొచ్చి మరీ ఈ విశేషం నాకు చెప్పిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, సాయంత్రాలు ఇంటికి రావడం కాస్త ఆలస్యమవుతుందని అంది. ఎందుకే అంటే కాలేజీలో చేరానంది. యాభై దాటిన మనిషి. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం ప్రభుత్వ కాలేజీలో సాయంకాలం తరగతులు ఉన్నాయి కదా, అందులో భూగర్భశాస్త్రం. మమ్మల్ని అడగలేదు, చెప్పలేదు, ఏకంగా చేరి వచ్చి చెప్పింది. చిన్నప్పుడు డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా నాన్న రిటైరయ్యాడు, ఈ ఉద్యోగం వచ్చింది, చదువు ఆగింది. అప్పుడు ఎవరూ దాన్ని పెద్ద విషయమనుకోలేదు, ఆవిడతో సహా. మరి ఇన్నేళ్లుగా ఆ కోరిక ఎక్కడ దాచుకుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక చూసుకోండి, మా ఇంటి అవస్థ. ఎక్కడ చూసినా రాళ్లే. కిటికీల్లో రాళ్లు, అలమరలో రాళ్లు, ఉతకడానికి వేసిన బట్టల జేబుల్లో రాళ్లు. బావ ఒకసారి చీకట్లో నీళ్లకని లేచి, బొటనవేలు చిట్లగొట్టుకుని, ఇంట్లో ఉన్నామో క్వారీలో ఉన్నామో చెప్పమని గోల చేశాడు. అది చాలదన్నట్టు, ఏ రాయి ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే దేనితోనైనా గీసి చూడాలట. గోటితో గీసింది, రాగి నాణెంతో గీసింది, గాజుపలక మీద గీసింది. ఒకరోజు నేను లేనప్పుడు షాపులోకొచ్చి నా పెద్ద కత్తెర మొనతో గీసింది. గుడ్డ కోసే కత్తెరతో మేం కాగితం కూడా కోయనివ్వం, ఆ సంగతి ఆవిడకు తెలియదా? నాలుగు తిట్లు తిట్టి మాట్లాడటం మానేశాను. మర్నాడు వచ్చి, తప్పయిపోయిందని చెప్పాల్సింది పోయి, "ఆ రాయి నీ కత్తెరకంటే గట్టిది తెలుసా" అంది కళ్లు మెరిపిస్తూ. ఆ కళ్లు చూశాక ఇంకేం తిడతాను? కత్తెర సాన పట్టించుకున్నాను.

ఆ కాలేజీకి నేనూ ఒకసారి వెళ్లాను, వాన పడుతుంటే గొడుగు ఇద్దామని. మేడ మీద చివరి గది. గోడ పొడుగునా చెక్క డ్రాయర్లు, ఒక్కోదానిలో రాళ్లు, వాటికి అంటించిన చిన్న చిన్న కాగితం ముక్కలు. అన్ని సంవత్సరాల వాళ్లూ ఆ ఒక్క ల్యాబులోనే కూర్చుంటారు. బస్సు డ్రైవరొకాయన, ఆసుపత్రి నర్సు ఒకావిడ, ఇంకా కొందరు, మా అక్క. సగం బెంచీలు ఖాళీ. పాఠం చెప్పేది సన్నగా పొడుగ్గా ఉండే మాస్టారు. ఆయన పాఠం చెప్పడమేమిటో గాని, రాయి తీసి ఎవరో ఒకరి చేతిలో పెట్టి, నీకేమనిపిస్తోంది అని అడిగి, చేతులు కట్టుకుని నిలబడతాడు. వాళ్లు ఏదో ఒకటి చెప్పేదాకా కదలడు. గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడితే నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. రాయిలా ఉందండీ అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఇలా ఉండగా, కాలేజీలకు ఇచ్చే గ్రాంట్లు, వాటిలో సీట్లు, ఎక్కడ నిండుతున్నాయి, ఎక్కడ ఖాళీగా ఉంటున్నాయి అని పరిశీలించడానికి పార్లమెంటు కమిటీ కూర్చుంది. సగం సీట్లు నిండని కోర్సులకు గ్రాంటు ఆపాలా వద్దా అన్నది విషయం. గ్రాంటు ఆగితే కోర్సు మూతబడుతుంది. అక్క కాలేజీ సాయంకాలం తరగతులు కూడా ఆ పరిశీలనలో ఉన్నాయి. రాయాల్సిన రిపోర్టర్లు మా అక్కా, ఆవిడ జోడీ.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అప్పుడు తెలియదు. లోపలి మాట, నివేదిక సభ ముందుకు వచ్చేదాకా, బయట పొక్కకూడదు. మా అక్క ఆ విషయంలో చచ్చినా నోరు మెదపదు. తర్వాత తీరిగ్గా ఆవిడా, జోడీ చెబితే తెలిసింది.

సంగతి తెలియగానే అక్క తిన్నగా చీఫ్ రిపోర్టరు దగ్గరికి వెళ్లింది. అయ్యా, నేను అక్కడ విద్యార్థిని, నేను రాయడం బాగుంటుందా అని అడిగింది. ఆయనకు మనుషులు చాలక చస్తున్నాడు. మీరేమన్నా ఓటేస్తారా, మాట్లాడతారా, రాయడమే కదా, మీ సీటు సంగతి మీ పెన్సిల్‌కు తెలుస్తుందా అని నవ్వి పంపేశాడు. ఈవిడ సరేనని వచ్చి కూర్చుంది.

విద్యాశాఖ అధికారి సాక్ష్యం చెబుతున్నాడు. ఆయన్ను తప్పు పట్టడానికేం లేదు, ఎక్కడో ఒకచోట డబ్బు మిగలబెట్టి చూపించమని ఆయనకు పైనుంచి ఒత్తిడి. సాయంకాలం తరగతుల్లో చేరేది కాలక్షేపానికి వచ్చే పెద్ద వయసువాళ్లనీ, ఆ చదువుతో వాళ్లకు ఉద్యోగాలు రావనీ, ప్రభుత్వం ఇచ్చే సీటు వాళ్ల మీద వృథా అనీ చెప్పాడు. ఒక సభ్యుడు వెనక్కి వాలి, ఈ వయసులో రాళ్లేరుకుని ఏం చేస్తారండీ, ఇల్లు కట్టుకుంటారా అన్నాడు. గది గొల్లుమంది. మా అక్క బ్రాకెట్ పెట్టి 'నవ్వులు' అని రాసింది. తన చేత్తో తానే రాసింది. ఈ ముక్క జోడీ చెప్పినప్పుడు నాకు ఆ సభ్యుడి నెత్తిన డ్రాయరుతో సహా ఆ రాళ్లన్నీ దొర్లించాలనిపించింది.

అధ్యక్షుడు పెద్దవాడు, మంచివాడనే పేరుంది. చాలా ఏళ్లుగా ఆయన మాటలు మా అక్క రాస్తూనే ఉంది. మధ్యాహ్నం భోజనవేళ దాటిపోయింది, ఇంకా చాలా కాలేజీలున్నాయి. ఆయన కాగితం తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"ఆ సాయంకాలం సీట్లు ఎవరికీ అక్కర్లేనివని తేలింది కాబట్టి, గ్రాంటు ఆపమని సిఫారసు చేద్దాం."

మా అక్క పెన్సిల్ ఎత్తింది.

పక్కన తన వంతు కోసం వచ్చి నిలబడిన జోడీ పుస్తకం తెరవడం కూడా మర్చిపోయిందట. చీఫ్ రిపోర్టరు గుమ్మం దగ్గర్నుంచి గుడ్లప్పగించి చూశాడట. అధ్యక్షుడు కూడా ఆశ్చర్యపోయాడు. ఆవిడకే వినపడలేదంటే తానే సరిగ్గా అనలేదేమో అనుకుని, గొంతు సవరించుకుని, మళ్లీ మొదలెట్టాడు. రిపోర్టరు కోసం మళ్లీ చెప్పేటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? రాసుకుంటోందా లేదా అని ఆవిడ వైపు చూస్తూ చెబుతారు. ఇన్నేళ్లలో ఆయన మా అక్క ముఖంలోకి చూసింది అదే మొదలు. ఆవిడ ముఖంలో ఏం కనపడిందో నాకు తెలియదు. "ఆ సాయంకాలం సీట్లు ఎవరికీ..." అన్నాడు, ఆగాడు. కళ్లద్దాలు తీశాడు. అధికారి వైపు తిరిగి, ఎవరికీ అక్కర్లేదని మనకెవరు చెప్పారు, అక్కడ చదివేవాళ్లను ఎవరినైనా అడిగామా అన్నాడు. అడగలేదని తేలింది. అయితే వచ్చే సమావేశానికి వాళ్లలో ఒకరిని పిలవండి, విన్నాకే ఏదైనా రాద్దాం అన్నాడు. మా అక్క తల వంచుకుని ఆ మాటలన్నీ రాసింది.

నిజంగా వినపడలేదా అని తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగాను. "వినపడింది. అందుకే చెయ్యి ఆడలేదు," అంది అక్క.

నాకు అప్పుడు కనపడిందల్లా ఒక్కటే. ఆ సాయంత్రం ఆవిడ క్లాసుకు వెళ్లలేదు. కిటికీ గట్ల మీది రాళ్లు ఒక్కొక్కటీ తుడిచి అట్టపెట్టెలో సర్దుతోంది. బుద్ధొచ్చిందనుకుని నేను సంబరపడాలి నిజానికి. కానీ ఖాళీ అయిన ఆ గట్టు నాకు నచ్చలేదు. ఏమైందే అంటే ఏం లేదంది.

రెండో కష్టం కాలేజీలో వచ్చిపడింది. కమిటీ ముందుకు ఎవరు వెళ్లాలి అని మాస్టారు అడగ్గానే, క్లాసంతా ఒక్క గొంతుతో మా అక్క పేరు చెప్పింది. పార్లమెంటులో పనిచేసే మనిషి, అక్కడి తీరుతెన్నులు తెలిసిన మనిషి, వయసులో పెద్దది, ఇంకెవరు వెళ్తారు? ఈవిడ కాదంది. ఎందుకో చెప్పదు. మన సీట్లు పోతున్నా ఈవిడకు చీమ కుట్టినట్టయినా లేదని నర్సు నొచ్చుకుందట. బస్సు డ్రైవరు మాత్రం, మీకు భయమైతే నేను వెళ్తానమ్మా, కాకపోతే నాకు హారన్ కొట్టడం తప్ప మాట్లాడటం రాదు అన్నాడు. దాంతో ఈవిడ నవ్వేసి, చివరికి ఒప్పుకుంది. చీఫ్ రిపోర్టరు దగ్గరికి మళ్లీ వెళ్లింది. సాక్షి అయినవాళ్లు రాయకూడదు కాబట్టి ఆ రోజుకు సెలవిచ్చాడు. ఈసారి ఆయన నవ్వలేదట.

అప్పుడు వచ్చింది నా దగ్గరికి. కమిటీ ముందు మాట్లాడాలి, నాకు రావడం లేదు, కాస్త నేర్పు అంది. మాట్లాడటం నేర్పమని ఎవరైనా నన్ను అడుగుతారని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు ఆపడం నేర్పాలి గాని. షాపు తలుపు వేసి, బట్టలు తొడిగే బొమ్మలను వరసగా సభ్యుల్లా నిలబెట్టి, మధ్యలో అధ్యక్షుడిలా నేను కూర్చున్నాను. చెప్పండమ్మా, ఈ సీటు మీకెందుకు అన్నాను గొంతు బరువు చేసి. మా అక్క నిటారుగా నిలబడి, ఊపిరి పీల్చుకుని చెప్పింది:

"సదరు కోర్సు ఉపయోగకరమైనదని సాక్షి అభిప్రాయపడ్డారు."

"సాక్షి ఎవరే?" అన్నాను.

ఆవిడ నాలుక్కరుచుకుంది. మళ్లీ మొదలెడితే మళ్లీ అంతే. ఎన్నిసార్లు చెప్పించినా 'సాక్షి తెలిపారు', 'సాక్షి విన్నవించారు' తప్ప, ఛస్తే 'నేను' అని రాదే. సూదితో గుచ్చనా అని బెదిరించాను. చివరికి ఒక ఉపన్యాసం తయారుచేసి, ప్రతి వాక్యానికీ ముందు 'నేను' తగిలించి, బట్టీ పట్టించాను. బొమ్మల ముందు బాగానే అప్పజెప్పింది. ఆవిడకు రాని విద్య కాదు కదా అది.

ఆ రోజు కమిటీ సమావేశం బయటివాళ్లు కూడా చూడవచ్చన్నారు. బావా నేనూ వెంట వెళ్లాం. సాక్షి కాబట్టి ఆవిడ రోజూ వెళ్లే ఉద్యోగుల ద్వారం గుండా కాక, మాతోపాటు సందర్శకుల ద్వారం దగ్గర వరసలో నిలబడింది. అక్కడ సంచి తనిఖీ చేస్తే అడుగున నల్లటి రాయి. ఆ పెద్దాయన ఇచ్చిందే. ధైర్యానికని తెచ్చుకుందట. కాపలా మనిషి అటు ఉద్యోగుల ద్వారం దగ్గర రోజూ ఆవిడకు నమస్కారం పెట్టేవాడే, పాపం చెమటలు పట్టాయి. అమ్మా, మీరు కాబట్టి ఊరుకుంటున్నాను, పార్లమెంటులోకి రాయి పట్టుకెళ్తానంటే ఎలాగమ్మా అన్నాడు. బావ గోడ వైపు తిరిగి నవ్వాపుకోలేక చచ్చాడు. కాపలా మనిషి రాయిని బల్ల కింద దాచి, వెళ్లేటప్పుడు తీసుకొమ్మన్నాడు. దాంతో వట్టి చేతులతో లోపలికి వెళ్లింది.

గోడవారగా వేసిన కుర్చీల్లో మేం కూర్చున్నాం. సాక్షి కుర్చీలో మా అక్క. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చిన్న బల్ల దగ్గర జోడీ, తల వంచి, పెన్సిల్ పట్టుకుని. మా అక్క చూపు మాటిమాటికీ ఆ బల్ల మీదికే పోతోంది. లేచి వెళ్లి అక్కడ కూర్చుంటుందేమోనని నాకు భయమేసింది.

అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు. మీరు త్వరలో రిటైరవుతారు, ఈ చదువుతో మీకు ప్రమోషన్ రాదు, ఉద్యోగం రాదు, మరి ప్రజల సొమ్ముతో నడిచే ఈ సీటు మీకెందుకమ్మా అన్నాడు. నేను పెదవులు కదుపుతూ మా ఉపన్యాసం మొదటి వాక్యం అందించబోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. బట్టీ పట్టించిందంతా గాలికి పోయిందని అర్థమైంది. ఎవరో కుర్చీ సర్దుకున్నారు.

"నేను ఈ గదిలో అందరి మాటలూ రాశానండి," అంది మా అక్క. "రాసినదాని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, అది నా ఉద్యోగం. అక్కడ మాస్టారు రాయి నా చేతిలో పెట్టి, నీకేమనిపిస్తోంది అని అడుగుతారు. మొదట్లో నాకేమీ అనిపించేది కాదు. ఇప్పుడు అనిపిస్తోంది. తప్పయినా సరే చెబుతున్నాను. చదువు ఇంకా రెండేళ్లుంది. ఆ సీటు నాకు కావాలండి."

చివరి మాట దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదిలాయంతే. గోడవార ఉన్న మాకు అందలేదు (ఏమందో తర్వాత జోడీ చెబితే తెలిసింది), నాడాకు చివర్న ఉన్న సభ్యులు ముందుకు వంగారు. అధ్యక్షుడు అర్థమైంది అన్నట్టు తల ఊపి, కాగితం తిప్పబోయాడు. అయిపోయిందనుకున్నాను. అందరూ వినాల్సిన ఆ ఒక్క మాటా ఎవరికీ వినపడకుండానే అయిపోయిందనుకున్నాను.

అప్పుడు చిన్న బల్ల దగ్గర పెన్సిల్ పైకి లేచింది.

సాక్షి కుర్చీ అక్కడికి చెయ్యి చాస్తే అందేంత దూరం. జోడీకి వినపడకపోవడమన్నది కల్ల. అయినా తల వంచుకునే, చెయ్యి మాత్రం నిలువుగా ఎత్తి పట్టుకుంది. మా అక్క ఆ పెన్సిల్ వంక చూసింది. తన దగ్గర పని నేర్చుకున్న మనిషి, ఎత్తడం సిగ్గుచేటని తన నోటితోనే విన్న మనిషి ఎత్తింది. మొదట ఆవిడ ముఖంలో చిన్నబోయినతనం కనపడింది, నా మాట సరిగ్గా రాలేదా అన్నట్టు. తర్వాత వెన్ను నిటారు చేసుకుంది. ఇక రూలు రూలే కదా, అన్న మాట మళ్లీ అనాల్సిందే.

"ఆ సీటు నాకు కావాలి."

గదిలో ఉన్న ప్రతి మనిషికీ వినపడింది. ఈసారి 'అండి' కూడా లేదు. బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆ గుర్తు సాయంత్రం దాకా పోలేదు. నేను ఏడ్చాను. ఏడవనా మరి? పుట్టి బుద్ధెరిగాక మా అక్క తనకేం కావాలో పైకి చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. అధ్యక్షుడు ఆవిడ వంకే చూస్తూ, థాంక్సమ్మా అన్నాడు. ఆరోజు రాళ్లేరుకోవడం మీద ఎవరూ జోకు వేయలేదు.

బయట వరండాలో జోడీ పరిగెత్తుకొచ్చింది. మా అక్క ఆమె చెయ్యి పట్టుకుని, ఇంతా చేసి ఏమడిగిందో తెలుసా? వినపడలేదా, నీ చెవులకు ఏమైంది అని. బాగానే వినపడిందంది ఆమె. వినపడినప్పుడు ఎత్తడం తప్పు కదా, నీకెన్నిసార్లు చెప్పాను అని మా అక్క క్లాసు పీకబోయింది. "మీ దగ్గర నేర్చుకున్నదే కదా మేడమ్," అంది జోడీ. గేటు దగ్గర రాయి తీసుకుని ఇంటికొచ్చాం. బావ ఆ రాత్రే అట్టపెట్టె విప్పి, రాళ్లన్నీ మళ్లీ గట్టు మీద పేర్చాడు. తలకిందులుగా పేర్చాడని ఈవిడ వాటిని మళ్లీ సర్దుకుంది.

నివేదిక బయటికి వచ్చింది. సాయంకాలం తరగతులకు గ్రాంటు కొనసాగించవచ్చునని రాశారు. దానికో మెలిక పెట్టారు, ఖాళీ సీట్లు వచ్చే ప్రవేశాల్లో నిండాలని, లేకపోతే మళ్లీ ఆలోచిస్తామని. సాక్ష్యాల అచ్చుప్రతిలో మా అక్క మాటలు కూడా ఉన్నాయి. చూస్తే ఆ వాక్యం ఒక్కసారే ఉంది. రెండుసార్లు అంది కదే, రెండోది కదా అసలు మాట అని జోడీ మీద లేచాను. మళ్లీ చెప్పించినది ఒక్కసారే రాస్తాం, అదే పద్ధతి అంది ఆమె. దిక్కుమాలిన పద్ధతి. అయితే ఉంచిన వాక్యంలో 'అండి' లేదు, అంతవరకు నయం.

ఇప్పుడు ఖాళీ సీట్లు నింపే పని మీద మా అక్క కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది. నర్సు తమ వార్డు నుంచి ఇద్దరిని పట్టుకొచ్చిందట. డ్రైవరు డిపోలో ప్రచారం చేస్తున్నాడట. మొన్న సాయంత్రం నేను గిరాకీ బట్ట పరిచి గీతలు గీసుకుంటుంటే షాపులోకి వచ్చింది. బొమ్మ పక్కన నిలబడి, కాసేపు నా చేతుల వంకే చూసి, నువ్వూ చేరవే అంది. నాకు నవ్వాగలేదు. నాకేమిటి, రాళ్లేమిటి, ఆ మాస్టారు రాయి చేతిలో పెడితే రాయిలా ఉందన్న మనిషిని నేను, నా కత్తెర నాశనం చేసింది చాలదా అని నా ధోరణిలో నేను వాయించేశాను. మామూలుగా అయితే సరే నీ ఇష్టం అని వెళ్లిపోవాలి. వెళ్లలేదు. నేను ఆపేదాకా ఆగింది.

"ల్యాబులో నా పక్క సీటు ఖాళీ. నువ్వు అక్కడ కూర్చోవాలి. నాకు కావాలి," అంది.

నా చేతిలో గుడ్డ మీద గీసే సుద్దముక్క ఉంది. ఆవిడ అన్నది నాకు శుభ్రంగా వినపడింది. అయినా ఆ సుద్దముక్క పైకెత్తి పట్టుకున్నాను. మా అక్క నా చెయ్యి వంక చూసి, నవ్వాపుకుని, రూలు ప్రకారం మళ్లీ చెప్పింది.